అలల సైరన్

కోడూరు చేపల వ్యాపారి నాంచారయ్య ఏ ఊరు పెళ్ళికి వెళ్ళినా ముందు భోజనాల వైపు చూడడు, ఆ ఊళ్ళో ఎత్తయిన మేడ ఏదో చూసుకుంటాడు. తెల్లారగానే వీధిలోకొచ్చి, వాతావరణ శాఖ భారమంతా తన మీదే ఉన్నట్టు, మెడ వెనక్కి వాల్చి మబ్బుల్ని పరీక్షిస్తాడు. పాలకాయతిప్ప సముద్రం దగ్గర్లోనే ఉన్నా, ఇద్దరు పిల్లల పాదాలూ తడవనివ్వడు. అలాంటివాడు, భార్య రేవతి పోరు పడలేక, వేసవి సెలవుల్లో వాళ్ళకి అలలు చూపించడానికి హైదరాబాదు తీసుకెళ్ళాడు.

అక్కడి వాటర్ పార్కులో పెద్ద రైడ్లకి పిల్లల ఎత్తు చాల్లేదు. వాళ్ళ ఎత్తుకి సరిపోయే బొమ్మ రైలు రిపేరులో ఉంది. ఎండలో రెండు గంటలు క్యూలో మాడాక మిగిలింది అలల కొలను ఒక్కటే. పిల్లలు నీళ్ళలో దిగారో లేదో, అలలు వదిలే ముందు వేసే సైరన్ మోగింది. జనమంతా కేకలేస్తూ ముందుకు ఉరికారు. నాంచారయ్య మాత్రం పిల్లల్ని చెరో చంకన ఇరికించుకుని వెనక్కి పరిగెత్తి, క్యాంటీన్ మేడ మీదకెక్కి నిలబడ్డాడు. అక్కడ నిలబడి చూస్తుండగా అల వచ్చింది, మోకాళ్ళ దాకా. ఆ తర్వాత ఎంత బతిమాలినా పిల్లల్ని కిందికి దించలేదు. వాళ్ళు సాయంత్రం దాకా ఏడ్చారు.

"అందరిలో పరువు తీశారు. అది ఆటకి వేసే సైరనండీ," అంది రేవతి.

నాంచారయ్య కొలను వైపే చూస్తూ అన్నాడు. "మోకాల్లోతు అలకే ఇంత గట్టిగా చెప్తున్నారు. ఉప్పెనలో కొట్టుకుపోయిన మా నాయనమ్మకి ఒక్కళ్ళూ చెప్పలేదు."