తోమేసిన గిన్నె

ఇంద్రాణి రియాక్టర్ గొట్టం విప్పి, లోపలి గుళికలను పళ్లెంలోకి వంచింది. ఎప్పుడూ బొగ్గుల్లా వచ్చే గుళికలు ఈసారి నల్లబడనే లేదు.

తిరుత్తణిలో పుట్టి కడంబత్తూరులో మెట్టిన ఇంద్రాణికి తిరువళ్లూరు దగ్గరి ల్యాబులో ఒకటే పని. ప్రొపేన్ గ్యాసును ప్లాస్టిక్‌కు ముడిసరుకైన ప్రొపిలీన్‌గా మార్చే ప్లాటినం గుళికలు చేయడం. చేసినవన్నీ మసి కమ్మి చచ్చేవి. ఆ మసిని తిట్టుకుంటూనే ఆమె జుట్టు నెరిసింది.

“ఏం కలిపినావక్కా?” పక్కబల్ల యువరాజ్ నోరు తెరిచాడు.

“ఏమీ కలపలేదురా...”

అంటూనే ఆమె గుళికలు నానబెట్టిన గిన్నె వైపు చూసింది. లోపలి అంచున సగం కరిగిన విబూది పట్టెలు!

ప్రతి ఆయుధపూజకూ యువరాజ్ తిరుత్తణి విబూది తెచ్చి గిన్నెలన్నిటికీ పట్టెలు పెట్టేవాడు. “ఇది ల్యాబా, గుడా?” అని తిట్టి, మర్నాడే ఆమె వాటిని తోమేసేది. ఈసారి ఆమె వచ్చే రైలు ఆలస్యమైంది. ఆ తొందరలో తోమడం మరిచింది.

పరీక్షకు పంపితే గుళికల్లో పొటాషియం ఉందని తేలింది. అది బూడిదలోదే. పొటాషియం ఉప్పు తూచి కలిపి మళ్లీ చేస్తే, మళ్లీ మసి పట్టలేదు.

“స్వామి మహిమక్కా!” యువరాజ్ చెంపలేసుకున్నాడు.

“మహిమా లేదు, మన్నూ లేదు. ఊరుకో!” అని కసిరి, ఇంద్రాణి సింకు ముందు కూలబడింది.

“ఇన్నేళ్లూ యాడాడో వెతికినానే! ఏటేటా నా చేత్తోనే తోమి ఈ తూములో పోసినాను గదరా!”