తెల్ల రుమాలు

రోడ్ల మరమ్మతు యార్డులో మా మేస్త్రి మబ్బు పట్టగానే తారు పీపాల మీద టార్పాలిన్ కప్పించి, కాలువ మూతి దగ్గర ఇసుక బస్తాలు వేయించేవాడు. వాన పడుతుండగా తన తెల్ల రుమాలు కాలువలో ముంచి నాకు చూపించేవాడు. మరక లేకపోతేనే వాననీటి ప్లాన్ ఫైలులో ఇంజనీరుగా నేను సంతకం పెట్టాలి.

తను రిటైరైన రోజు ఆ రుమాలు నా చేతిలో పెట్టాడు.

"సారూ, ఫైలుల ఏమన్న రాస్కోండ్రి. జెర దీన్ని సుత అడుగుండ్రి. గీ నీళ్లు కిందికి పోయి ఎవరి బోరులనో తేల్తయ్."

ఈ ఏడు వానాకాలం సంతకాలన్నీ రుమాలు ముంచకుండానే, జూన్‌లోనే పెట్టేశాను. బస్తాలు వేయించలేదు.

మా ఇల్లు ఆ కాలువకు దిగువన, అల్వాల్‌లో. నిన్న బోరు నీళ్లు వాసన వేస్తే రుమాలు తడిపి చూశాను. నల్లబడింది.

వెనక్కి తిరిగాను. నా కూతురు ఖాళీ గ్లాసు కింద పెట్టి మూతి తుడుచుకుంటోంది.