తెల్ల బూట్లు, ఒక పక్క బ్రేకు

మొన్న ఆదివారం మా అప్ప కొడుకు తన పికప్పు వెనక చక్రాలు విప్పి, అరిగిపోయిన బ్రేకు షూలను, చక్రాన్ని లోపల్నుంచి ఒరిసి ఆపే ఆ వంపు ముక్కలను, వరండాలో పాత పేపరు మీద పెట్టాడు. మాడిన లైనింగు వాసన, దాని మీద పేరుకున్న నల్లపొడి వాసన, వంటింట్లో అప్ప వేయిస్తున్న గాతో పిమాల ఘుమఘుమ అన్నీ కలిసి నా ముక్కుకు తగిలాయి. పచ్చిమిరపకాయలు దంచి వేసిన ఆ పప్పు వడలంటే నాకు ప్రాణం. ఆ పూట మాత్రం నా చూపంతా ఆ షూల మీదే ఉంది.

మా దీవికి స్వాతంత్ర్యం వచ్చి జెండా మారిన ఏడు నాకు తొమ్మిదేళ్ళు. మాంటాన్ బ్లాంష్‌లో మా ఇంటి ముందు అయ్యకు నీలం రంగు కమ్యోనెత్ ఒకటి ఉండేది. పికప్పు అనే మాట అప్పటికి మా నోళ్ళకు అలవాటు కాలేదు. తెల్లవారుజామున టొమాటో బుట్టలు, వంకాయలు, మంచుకు తడిసిన కొత్తిమీర కట్టలు ఎత్తుకుని బజారుకు బయలుదేరిన ఆ బండి, సాయంత్రానికి తడి గోనెసంచుల వాసన, పెట్రోలు వాసన, నలిగిన ఆకుల వాసన మోసుకుంటూ తిరిగొచ్చేది. అది ఆగీ ఆగకముందే నేనూ, నాకంటే ఆరేళ్ళు పెద్దదైన మా అక్క లచ్చిమప్పా వెనక ఎక్కి ఖాళీ బుట్టల మధ్య దుకాణం ఆట మొదలుపెట్టేవాళ్ళం. అయ్యకు ఆ బండి ఇంట్లో మనిషి కిందే లెక్క. దానికి ఏ సామాను కొన్నా గోరుతో గీకి, వాసన చూసి, చెవి దగ్గర పెట్టి తట్టి చూసేవాడు. "నన్ను చూడ్డానికొచ్చినప్పుడు ఇంతసేపు చూళ్ళేదు మీ అయ్య" అని అమ్మ ఎగతాళి చేసేది.

ఆ మార్చిలో బళ్ళో కొత్త జెండా ఎగరేస్తారనీ, ముందు వరసలో నిలబడే పిల్లలకు తెల్ల క్యాన్వాసు బూట్లు ఉండాలనీ మాస్టారు చెప్పారు. నాకు చెప్పులే గతి. సరిగ్గా అప్పుడే బండి బ్రేకులు కీచుమనడం మొదలైంది. ముందు చక్రాలకు కొత్త షూలు వేయించాలని అయ్య అమ్మతో అంటుంటే విన్నాను. బండికి కూడా షూలుంటాయని నాకేం తెలుసు? "బండికి కొంటావు, నాకు కొనవా?" అని అన్నం ముందు నుంచి లేచిపోయాను. అయ్య నవ్వాడు గాని, మర్నాడు పోర్ట్ లూయీకి నన్నూ వెంటబెట్టుకెళ్ళాడు.

బండి సామాన్ల కొట్టు పెద్దాయన బల్ల మీద రెండు రకాలు పెట్టాడు. ఒకటి అట్టపెట్టెలో వచ్చిన ఇంగ్లండు సరుకు. రెండోది పాత షూలకే ఎవరో కొత్త లైనింగు తొడిగి రివెట్లు కొట్టినది, చవక. అయ్య చవకదాన్ని గోరుతో గీకితే పొడి రాలింది. ఒక రివెట్టు తల లైనింగుకు సమంగా పైకే ఉంది, కొన్నాళ్ళకు చక్రం లోపలి డ్రమ్మును గీకేస్తుందని నాకు వేలుపెట్టి చూపించాడు. మంచిదాంట్లో రివెట్లు లోతుగా దిగాయి, లైనింగు అంచుల దాకా పగులు లేకుండా మందంగా ఉంది. మంచివి రెండు పక్కలకూ కొంటే నా బూట్లు లేవు. చవకవి రెండు పక్కలా వేస్తే బూట్లూ వస్తాయి. కాని నాసిరకం సరుకు మీద అయ్య చెయ్యి పడదు.

"మంచిదే ఇయ్యి, ఎడమ పక్కకి. అదే బాగా అరిగింది. రెండోది పై నెల" అన్నాడు.

పెద్దాయన తల అడ్డంగా ఊపి, "లెదె కోతె, భాయ్, లెదె కోతె" అన్నాడు. రెండు పక్కలా మార్చాలని, లేకపోతే కొత్తది ఉన్న వైపుకే బండి లాగేస్తుందని. అయ్య నా తల నిమురుతూ, "నెమ్మదిగా తోల్తాలే" అన్నాడు.

పక్క సందులో నా బూట్లు కొన్నాం. అవి మాత్రం జత.

జెండా పండగ కొద్ది రోజులుందనగా బ్రిజే వెర్దియేర్‌లో చుట్టాలింట రామభజనకు బయలుదేరాం. అయ్య తోలుతున్నాడు, నేను మధ్యలో, అప్ప ఎడమ తలుపు పక్కన. బ్రేకు తొక్కినప్పుడల్లా బండి ఎడమకు జరగడం, అయ్య స్టీరింగును కుడికి బిగబట్టి ఉంచడం నాకు తెలుస్తూనే ఉంది. వాన అప్పుడే వెలిసింది, రెండు వైపులా చెరకు మనిషెత్తు దాటి పెరిగింది. పల్లంలో దిగుతుండగా మేక ఒకటి అడ్డం వచ్చింది. అయ్య గట్టిగా తొక్కాడు. బండి గిరుక్కున ఎడమకు తిరిగి, తోట అంచున పేర్చిన నల్లరాళ్ళ కుప్పను గుద్దుకుంది. నేను ముందుకు పడకుండా అప్ప నా గుండెకు అడ్డంగా చెయ్యి పెట్టింది. ఆ చెయ్యే విరిగింది. నా ఒంటి మీద గీత కూడా పడలేదు.

"సామాను మంచిదే, రోడ్డు తడి" అని అడిగిన వాళ్ళందరికీ అయ్య చెప్పాడు, నావైపు చూడకుండా. రెండో పక్క షూలు ఆ వారమే వచ్చాయి.

జెండా ఎగిరిన రోజు నేను ముందు వరసలోనే నిలబడ్డాను. అప్ప కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని గేటు దగ్గర నుంచి చూసింది. అందరూ తలలెత్తి కొత్త రంగులు చూస్తుంటే నేను నా కాళ్ళు చూసుకున్నాను, సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తరవాత ఆ బూట్లు వేసుకోలేదు, బిగుతైపోయాయని అబద్ధమాడాను. అప్ప మోచెయ్యి మళ్ళీ తిన్నగా సాగలేదు. జడ వేసుకోవడానికి ఆ చెయ్యి వెనక్కి వెళ్ళేది కాదు. ఆమె పెళ్ళయ్యేదాకా రోజూ నేనే వేశాను. ఎందుకు వేస్తున్నానో తనకు తెలియదనుకుంటూనే వేశాను.

ఇప్పుడు అయ్య లేడు. కమ్యోనెత్ తుక్కు కింద పోయింది. ఆ పల్లం రోడ్డు వెడల్పయింది, రాళ్ళ కుప్ప ఉన్నచోట ఎవరిదో మేడ లేచింది. ఇప్పటి కొత్త షూలకు అయ్య ముక్కు దగ్గర పెట్టుకుని చూసే ఆ వాసనే ఉండదట.

"ఒక పక్కే అరిగింది పిన్నీ. మంచిరకం ఒకటి వేసేస్తే చాలదా?" అన్నాడు అప్ప కొడుకు, ఫోనులో ధరలు చూసుకుంటూ.

నేను నోరు విప్పేలోగా అప్ప గరిట పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. "లెదె కోతె మార్చు. లేకుంటే బండి లాగేస్తాది."

"నీకెవరు చెప్పారే?" అన్నాను.

"అయ్యే. ఒక పక్కే ఎందుకేసినాడో ఆసుపత్రిలో అప్పుడే చెప్పీసినాడు. నీతో అనొద్దన్నాడు" అని, వంగిన ఆ చేత్తోనే వేడి గాతో పిమా ఒకటి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

అన్నేళ్ళూ నా చేత తెలిసే జడ వేయించుకుందన్నమాట.