మంచి చేతి బొటనవేలు

ఆ ఆసుపత్రిలో ఆమెను అందరూ మొండి డాక్టరమ్మ అంటారు, ఎదురుగా మాత్రం కాదు. మత్తు ఇవ్వడం ఆమె పని. తండ్రి లేతు మిషను మీద బతికినవాడు. "తప్పుచోట కొలిచి టేపును తిట్టకే" అనేవాడు. చదువు కాలేజీ ఇచ్చింది కానీ, మొండితనం నాన్న లేతు షెడ్డులోనే అబ్బింది.

ఆ రోజు బల్ల మీద ఒక దర్జీ ఉన్నాడు. మెదడులో రక్తనాళం చిట్లి వారమైంది. ఎడమ చెయ్యి పడిపోయింది. ఆపరేషన్‌లో దగ్గినా కదిలినా తలలో ఒత్తిడి పెరిగి మళ్లీ రక్తం చిమ్ముతుంది. అందుకే కండరాలను సడలించే మందు ఇచ్చారు. దాని ప్రభావం దిగిందో లేదో తెలియాలంటే మణికట్టు దగ్గర తీగలు తగిలించి, వరుసగా నాలుగు చిన్న కరెంటు దెబ్బలిచ్చి, నాలుగింటికీ బొటనవేలు ఒకేలా ఎగురుతుందా అని చూడాలి.

డ్యూటీ మారి ఆమె వచ్చేసరికి కుట్లు పూర్తయ్యాయి, విరుగుడు మందూ ఎక్కింది. అందుబాటులో ఉందని ఎవరో తీగలు ఎడమ చేతికే తగిలించారు. వేలు చలాకీగా ఎగురుతోంది.

"ఎగురుతోందిగా మేడమ్, నోట్లో ఊపిరి గొట్టం తీసెయ్యండి. బయట ఇంకో కేసు కాచుక్కూర్చుంది," అన్నాడు సర్జన్.

"ఇది పడిపోయిన చెయ్యి సార్. దీనికి మందు సరిగ్గా పట్టదు, ముందే ఎగిరిపడుతుంది. దీన్ని నమ్మి తీస్తే ఊపిరి చాలక తలలో మళ్లీ ఒత్తిడి పెరుగుతుంది."

"నా ఆపరేషన్ బ్రహ్మాండంగా అయింది!"

"మీ పని అయింది. నాది కాలేదు."

"సూపరింటెండెంటుకి ఫోన్ చెయ్యమంటారా?"

"చెయ్యండి. ఆయన్నీ రమ్మనండి, స్టూలు వేయిస్తా."

నర్సు నవ్వు మాస్కులోనే ఆగిపోయింది.

డాక్టరమ్మ గుడ్డలు ఎత్తి, తీగలు కుడి చేతికి మార్చింది. మొదటి కరెంటు దెబ్బకు లేచిన వేలు నాలుగో దెబ్బకు చతికిలబడింది. సర్జన్ ఒకసారి చూసి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అయినా గునుస్తూనే ఉన్నాడు. ఆమె మరికొంత విరుగుడు ఎక్కించి, గొట్టం మీద చెయ్యి వేసి నిలబడింది.

చాలాసేపటికి నాలుగు దెబ్బలకూ వేలు ఒకే జోరుతో లేచింది. అప్పుడు గొట్టం తీసింది. దర్జీ నిండుగా ఊపిరి పీల్చాడు. డాక్టరమ్మ అతని కుడి చేతిలో తన వేళ్లు పెట్టింది.

"నా వేళ్లు గట్టిగా పట్టుకో నాయనా... అబ్బా! కత్తెర పట్టే చెయ్యేనయ్యా, ఇక వదులు."

"ఇప్పుడైనా తర్వాతి కేసు తెప్పించొచ్చా?" అన్నాడు సర్జన్.

"తెప్పించండి. తీగలు మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. అవి నేనే పెడతా."