పక్షి దారం, గొంతు దారం

నిన్న అటక మీది సామాను దించుతుంటే, మిల్లు మూతపడ్డప్పుడు మా ఆయన అడిగి తెచ్చుకున్న లావుపాటి ఇంగ్లీషు యంత్రాల పుస్తకం బయటపడింది. పేజీల అంచుల నుంచి ఇంకా నూలుపోగులు వేలాడుతున్నాయి. చూడగానే నవ్వొచ్చింది. అవి కట్టిన రోజున మాత్రం ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు.

అప్పటికి నేను ఉడుమలైపేట నుంచి కోయంబత్తూరుకు కాపురానికి వచ్చి ఏడాది కాలేదు. మా ఆయన ఒక చిన్న మిల్లులో స్టోరు గుమాస్తా. కరెంటు లేనప్పుడు నడిపే పాత ఆవిరి ఇంజనులో ఒక కడ్డీ విరిగింది. కొత్తది ఇంగ్లీషు సీమ నుంచి రావాలి. మిల్లు నుంచి ఇంటికి తెచ్చిన ఈ పుస్తకంలోనే చూస్తే త్రాసిల్ స్పిండిల్ అని ఒకటి, త్రాటిల్ స్పిండిల్ అని ఇంకొకటి ఉన్నాయి. రెండు మాటలూ కవలపిల్లల్లా ఉన్నాయి. పాత నిఘంటువు తిరగేస్తే మొదటిది ఏదో పక్షి అట, రెండోది గొంతు అట. మిల్లులో పక్షి ఎక్కడిది, ఇనుముకు గొంతెక్కడిది? అదివరకే ఒకసారి తప్పు సామాను తెప్పించి చీవాట్లు తిన్న మనిషి, అన్నం ముందు కూర్చుని, "ఈసారీ తప్పైతే వేలై పోతాదమ్మా" అన్నాడు వాళ్లమ్మతో. వేలై అంటే ఉద్యోగం; దాంతో పాటు మిల్లువాళ్లిచ్చిన ఇల్లూ పోతుందని నా భయం.

మా అత్తకు ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. అదే మిల్లులో నూలు చుట్టే పని ఆమెది. చూపుకు ఒకేలా ఉండే నూలు రకాలు కలిసిపోకుండా అక్కడ చిలపలకు, అంటే నూలు కట్టలకు, రంగు దారాలు కడతారు. "ఒకే మాదిరి ఉంటే ఏమిరా? దారం కడితే తెలుస్తాది. నువ్వు సుమ్మా, ఊరికే కూర్చో" అని పుస్తకం ఒళ్లోకి లాక్కుంది. అక్షరాల వంపులు పోల్చుకుంటూ, పక్షి మాట కనబడ్డ ప్రతి పేజీకీ ఎర్రదారం, గొంతు మాటకు నీలం దారం కట్టింది. కూర చల్లారిపోయింది. తీరా చూస్తే ఎర్రవన్నీ నూలు వడికే యంత్రాల బొమ్మల దగ్గర, నీలాలన్నీ ఆవిరి ఇంజను బొమ్మల దగ్గర!

"చూస్తివా, గొంతు ఇంజనుదే. ఇంక అన్నం తిను" అంది అత్త.

నెలల తర్వాత కడ్డీ వచ్చి ఇంజనులో సరిగ్గా కూర్చుంది. ఆ సాయంత్రం మా ఆయన వీధి మొదటి నుంచే సైకిలు గంట మోగించుకుంటూ వచ్చాడు. ఆ మోత విన్నాకే నేను హమ్మయ్య అనుకున్నాను.

నిన్న కళ్లద్దాలు పెట్టుకుని ఆ దారాలను వెలుతురులో పట్టి చూశాను. రెండు రంగులూ వెలిసి ఒకే తెలుపుకు వచ్చాయి. మా అత్త అంత ఓపికగా విడదీసినవాటిని కాలం అంతకన్నా ఓపికగా కలిపేసింది. పోనీలే, ఇప్పుడు పోల్చుకోలేకపోయినా పోయే ఉద్యోగం ఎవరికీ లేదు.