నేల మీద పెట్టిన చాకు

కిందటి నెల మా అత్త చనిపోయింది. డయాలసిస్ కోసం పలాసకు బయలుదేరిన ఆటో దారిలోనే వెనక్కి తిరిగి మా ఊరు జలంత్రకోట వచ్చేసింది. మా ఉద్దానంలో కిడ్నీలు పాడై ఒక మనిషి పోయిందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. నేనూ ఆశ్చర్యపోలేదు. ఏడుపు మాత్రం ఆగడం లేదు.

తోటకైనా వంటింటికైనా మా ఇంట్లో చాకు కొనాలంటే అత్త రావాల్సిందే. సోంపేట బజారులో చవక చాకుల కుప్ప ముందు చతికిలబడి, మెరుపు చూడకుండా ముందు పిడి తిప్పి చూసేది.

"ఒలే కోడలా, మడత సాకు ఒద్దు. సేప కోసినాక ఆ సందులో నీసు ఎవులు కడుగుతారు? రేకు పిడి సివరికంటా ఉండాల. నేకపోతే కొబ్బరి మట్ట కొట్టినప్పుడు పిడి నీ సేతిలో, రేకు నీ కాలి మీద!"

మీరూ కొనేటప్పుడు పిడి చూసుకోండి.

చాకు ఎప్పుడూ చేతికిచ్చేది కాదు. పిడి నా వైపు తిప్పి నేల మీద పెట్టేది, నేను తీసుకునేదాన్ని. నేనిచ్చినా అంతే.

"సేతికిత్తే మనిద్దరికీ తగువొత్తాదే."

"రోజూ వత్తన్నదే కదత్తా!"

పకపకా నవ్వేది. ఆ నవ్వు కోసమే ఎన్నోసార్లు అదే మాట అన్నాను.

ఈ ఏడాది ఆమె చేతుల్లో పట్టు పోయింది. అయినా కూర తనే తరుగుతానని పట్టుబట్టింది. ఇంట్లో తనకంటూ మిగిలిన పని అదొక్కటే. తేలికైన చాకు కోసం మళ్లీ బజారుకు తీసుకెళ్లాను. చవకవాటిలో బరువు లేదని ఒకప్పుడు షాపతన్ని దులిపేసిన మనిషి, ఒక్కొక్కటే పట్టుకుని కింద పెట్టేసింది. పళ్లు కోసే చిన్న చాకు కూడా వేళ్లలోంచి జారిపోయింది.

"అన్నీ బరువుగానే ఉన్నాయే. పద, ఇంటికెల్పోదాం."

ఆ రోజు ఆమె ఏ పిడినీ తిప్పి చూడలేదు. నా ఆశ అక్కడే పోయింది. అయినా ఆ చిన్నది కొన్నాను. ఆమె దాన్ని వాడదని ఇద్దరికీ తెలుసు.

నిన్న దాంతోనే చేపలు కోశాను. పనయ్యాక, ఆలోచించకుండానే, నేల మీద పెట్టి ఆమె కూర్చునే పీట వైపు జరిపాను. పిడి అటే తిరిగి ఉంది. రేకు మీద నీసు ఆరిపోతోంది, ఈగలు వాలుతున్నాయి. నేను చెయ్యి చాచలేకపోయాను.