బాలమణమ్మ మడమ మీద మచ్చ

2007. వనపర్తిలో ఒక చిన్న ల్యాబ్‌లో పెథాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఒంట్లోంచి తీసిన ముక్కను పలుచగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద చూసి జబ్బేమిటో చెప్పడం నా పని. మనుషులకన్నా స్లైడ్లతోనే నాకు స్నేహం ఎక్కువ.

బాలమణమ్మది గద్వాల. ఇంట్లోనే నూలుకు రంగులు వేసుకుని, గుంట మగ్గం మీద చీరలు నేస్తుంది. మడమ కింద నల్లమచ్చను రంగు మరకే అనుకుని చాలాకాలం సబ్బుతో, కిరసనాయిలుతో రుద్దుతూ వచ్చింది. మచ్చ పోలేదు సరికదా, పుండు పడింది. సర్జన్ చిన్న ముక్క తీసి నాకు పంపారు. మెలనోమా, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్.

ఆ స్లైడ్‌లో ఇంకొకటి కూడా కనబడింది. కణితి అంచున చిన్న చిన్న నీలి కణాలు గుంపులు కట్టి కూర్చున్నాయి. లింఫోసైట్లు, ఒంటిని కాచే కణాలు. ఇంత దట్టంగా నేనెప్పుడూ చూడలేదు! ఆత్రం ఆగక హైదరాబాద్‌లో, అవి ఏ రకమో తేల్చే ప్రత్యేకమైన రంగు వేయించాను. చాలా భాగం గోధుమరంగుకు తిరిగాయి. బి కణాలు! యాంటీబాడీలు తయారయ్యేది వీటి నుంచే. క్యాన్సర్‌తో పోరాటమంటే మా పుస్తకాలు టి కణాలనే మరో రకం లింఫోసైట్ల గొప్పే చెప్పేవి, వీటిని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఆ రోజు నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

రిపోర్టు కోసం వచ్చిన బాలమణమ్మను కూడా మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టి, జబ్బుతో కొట్లాడే కణాలని సంబరంగా చూపించాను.

"గివన్నీ నాయేనా డాక్టరమ్మా?"

"నీవే అక్కా."

"మరి ఆపరేషన్ ఏంటికి? మడమ కోస్తే మగ్గం తొక్కుడెట్ల? లోపలోళ్లే సూసుకుంటరు గద!"

మచ్చ చుట్టూ వెడల్పుగా కోసి తీయకపోతే ప్రాణానికే ముప్పు. పైగా ఈ కణాలు ఒక్కోసారి కణితికే సాయపడతాయేమోనన్న అనుమానం అప్పటికే ఉంది.

"అవి నీ దిక్కున్నయో, దాని దిక్కున్నయో నాకు తెల్వదక్కా."

"గింత సదివిన నీకే తెల్వదా?"

"ఇంకా ఎవ్వరికీ సరిగ్గ తెల్వదు. కోసి తీస్తే మేలని మాత్రం తెలుసు."

ఆమె కాసేపు మళ్లీ స్లైడ్ చూసింది. "ఎవరి దిక్కో తెల్వనోళ్లకు మగ్గం అప్పజెప్తమా? హైదరాబాద్ పోయి కోయించుకుంట తియ్."

ఇప్పటికీ స్లైడ్‌లో వింత కనబడితే ఎగిరి గంతేస్తాను. కాకపోతే, నాకు తెలియనిదేమిటో పేషెంటుకు ముందే చెబుతాను.

ఆపరేషన్ అయిన మరుసటి ఏడు గద్వాల వెళ్తే, ఆమె మగ్గం గుంటలో కూర్చుని, తొడ చర్మం అతికించిన మడమతోనే చెక్కలు తొక్కుతోంది. ఎంత ఆనందమో!

"తెలిసిందా, ఎవరి దిక్కో?"

"ఇంకా లేదక్కా."

నవ్వుతూ కాలు పైకి తీసి చూపింది. మడమ పక్కన నల్లమచ్చ!

"రంగే డాక్టరమ్మా. పొద్దుగాల నూలు ముంచిన."

నేను నమ్మలేదు. సబ్బు, తడిగుడ్డ తెప్పించుకుని నేనే రుద్దాను. పోయింది.